మసీదు అరుగు మీద కాంటా: మొహల్లాలో వినియోగదారుల పాఠం నడిపేదెట్లా

తూకం గురించి శుక్రవారం బయాన్‌లో (మసీదు ప్రసంగంలో) ఎప్పుడో ఒకప్పుడు చెప్పని ఇమాం సాబ్ ఉండరు. తూకంలో తగ్గించేవాళ్లకు వినాశం తప్పదన్న ఆయత్ (ఖుర్ఆన్ వాక్యం) విని తలూపని జమాత్ (నమాజుకు కూడిన జనం) కూడా ఉండదు. అరగంట గడిచాక అదే జమాత్ మన వరంగల్ మండి బజార్‌లో ఖర్జూరాలు కొంటుంది. కాంటా సున్నా మీద ఉందా లేదా అని చూసేవాళ్లు మాత్రం అరుదు. ఆయత్ చెవిదాకా వచ్చింది, చేతిదాకా రాలేదు. చేతిదాకా తేవాలంటే ఉపన్యాసం సరిపోదు. కాంటా, బిల్లు, ఉద్దెర బుక్కు బల్ల మీద పెట్టి చూపించాలి.

యూనివర్సిటీల్లో ఇస్లామిక్ ఆర్థిక నీతి మీద సెమినార్లు జరుగుతాయి, మంచిదే. వాటికి కిరాణం కొట్టాయన పోడు, మిర్చి రైతు పోడు, కొత్తవాడలో షత్రంజీలు నేసే అమ్మ పోదు. ఈ మార్గదర్శి వాళ్ల దగ్గరికే వెళ్లి పాఠం నడపాలనుకునే మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు, మహిళా పొదుపు సంఘాలకు, టీచర్లకు. నడిపేవాళ్లు ముస్లింలే కావాలని లేదు. వినేవాళ్లు అసలే కానక్కరలేదు.

1. ఒక పూటకు ఒక్క సంగతి

తూకం, బిల్లు, కల్తీ, వడ్డీ, విత్తనాలు, ఆన్‌లైన్ మోసాలు అన్నీ ఒకే పూట చెప్తానంటే జనం చాయ్ తాగి పోతారు. మొదటి పాఠం తూకంతోనే మొదలుపెట్టండి. అందరికీ తెలిసినది, వాదనకు తావు లేనిది, కళ్లెదుట రుజువు చేయగలిగినది అదే. గంటన్నర చాలు. జుమ్మా (శుక్రవారం) రోజు అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాతైతే కొట్ల వాళ్లకు కుదరదు. ఆదివారం పొద్దున పది గంటలకు పెడితే ఆడవాళ్లూ వస్తారు.

చోటు సంగతికొస్తే మసీదు అరుగు బాగుంటుంది. కానీ పక్కింటి హిందూ కుటుంబాలు అక్కడికి రావడానికి మొహమాటపడతాయనుకుంటే కమ్యూనిటీ హాలో, బడి వరండానో చూడండి. కాజీపేట దర్గా ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వచ్చే ఊరు మనది. పిలిస్తే వస్తారు, పిలిచే చోటు ముఖ్యం.

2. బల్ల చుట్టూ ఎవరుండాలి

నలుగురు తప్పనిసరి. ధర్మవాక్యం తప్పు పోకుండా చూడ్డానికి ఒక ఆలిం (మత పండితుడు), కాంటా సంగతి తెలిసిన ఒక వ్యాపారి, ఇంటి సరుకులు కొనే ఒక గృహిణి, కాగితం రాయగల ఒకరు. ఆ చివరి మనిషి లాయరే కానక్కరలేదు, డిగ్రీ చదివే పిల్లైనా చాలు.

వ్యాపారిని పిలవడం మర్చిపోవద్దు. చాలామంది కొనేవాళ్లను మాత్రమే పోగేసి కొట్టువాళ్లను తిట్టిస్తారు. అట్లయితే అది పాఠం కాదు, పంచాయితీ. ఇస్లాంలో వ్యాపారం తప్పు కాదు. ప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా వ్యాపారం చేశారు. మనలో చాలామంది అనుసరించే హనఫీ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా కూఫాలో బట్టల వర్తకుడు. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న బట్టను ఆ లోపం చెప్పకుండా అమ్మేశాడని, తెలిశాక ఇమాం ఆ సొమ్మంతా దానం చేసేశారని జీవిత చరిత్రలు చెబుతాయి. బట్టల బజార్ వ్యాపారుల ముందు చెప్పాల్సిన కథ ఇదే. వాళ్ల వృత్తిమనిషి కథ కాబట్టి చెవి ఒగ్గి వింటారు.

ఆడవాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి. రెండో ఖలీఫా ఉమర్ (ర) కాలంలో మదీనా బజారు వ్యవహారం షిఫా బింత్ అబ్దుల్లా చేతిలో ఉండేదని ఒక కథనం ఉంది. అది ఎంత బలమైనదన్న దానిపై పండితుల్లో తేడాలున్నాయి. ఆమె చదువు నేర్చిన మనిషి, ప్రవక్త భార్య హఫ్సాకు రాత నేర్పిన మనిషి అన్నది మాత్రం హదీసు (ప్రవక్త మాటలు, పనుల కథనాలు) గ్రంథాల్లో ఉంది. వెనక కూర్చోబెడతామనే కమిటీ పెద్దలకు ఇది చెప్పి చూడండి.

3. వాక్యాలు మూడు చాలు

ఎక్కువ చెబితే బయాన్ అయిపోతుంది. తూకం పాఠానికి నేను ఎంచేవి ఇవి.

ఖుర్ఆన్ 83వ సూరా (అధ్యాయం) మొదటి మూడు ఆయత్‌లు: జనం దగ్గర తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, వాళ్లకిచ్చేటప్పుడు తగ్గించేవాళ్ల గురించి. 11వ సూరాలో షుఐబ్ ప్రవక్త మద్యన్ ప్రజలకు చెప్పిన మాట: కొలత, తూకం న్యాయంగా నింపండి, జనానికి వాళ్ల వస్తువులు తక్కువ చేసి ఇవ్వకండి. మూడోది ఇమాం ముస్లిం కూర్చిన హదీసు గ్రంథంలో ఉన్న ధాన్యం కుప్ప సంఘటన. ప్రవక్త (స) బజారులో ఒక ధాన్యం రాశిలో చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందన్నాడు అమ్మేవాడు. మరి జనానికి కనబడేట్టు ఆ తడిదాన్ని పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసినవాడు మావాడు కాడు అన్నారు ప్రవక్త.

వాక్యాలు తెలుగులో చదవండి, సూరా, ఆయత్ సంఖ్యలు బోర్డు మీద రాయండి. ముందురోజే ఆలింకు చూపించండి. హలాలా హరామా అన్న ప్రశ్న వస్తే నిర్వాహకులు తీర్పు చెప్పకుండా ఆయనకే వదిలేయాలి.

4. ఇప్పుడు కాంటా

పాఠానికి ప్రాణం ఇదే, సగం సమయం దీనికే ఇవ్వండి. ఒక ఎలక్ట్రానిక్ కాంటా, ముద్ర ఉన్న కిలో ఇనుప రాయి ఒకటి, ఖాళీ మిఠాయి డబ్బా, రెండు మూడు ప్యాకెట్లు తెప్పించండి.

ముందు కాంటా సమంగా కూర్చుందో లేదో చూపించండి. చాలా కాంటాలకు నీటి బుడగ ఉంటుంది, అది మధ్య వలయంలో ఉండాలి. ఏమీ పెట్టకుండా సున్నా చూపాలి. తర్వాత కిలో రాయిని పళ్లెం మధ్యలో పెట్టండి, అంకె చదివించండి. అదే రాయిని నాలుగు మూలలకూ జరపండి. మూలకో అంకె వస్తుంటే ఆ కాంటా రిపేరుకు పోవాల్సిందే. ఇది ఒక పదేళ్ల పిల్లతో చేయించండి, పెద్దవాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు.

తర్వాత ముద్ర. తూనికలు కొలతల శాఖ ఎలక్ట్రానిక్ కాంటాను ఏడాదికోసారి, ఇనుప రాళ్లను రెండేళ్లకోసారి పరీక్షించి ముద్ర వెయ్యాలి. ముద్రలో సంవత్సరం, ఆ ఏడాదిలో ఏ మూడు నెలలదో తెలిపే అక్షరం ఉంటాయి. ఆ పరీక్ష సర్టిఫికెట్ కొట్లో కనబడేట్టు పెట్టాలని నియమం. 'సేఠ్, సర్టిఫికెట్ ఎక్కడుంది?' అని నవ్వుతూ అడగడం నేర్పించండి. అడిగే తీరును బట్టే జవాబు ఉంటుంది.

మిఠాయి డబ్బా దగ్గర గది గోలగా మారుతుంది. ఖాళీ డబ్బాను కాంటా మీద పెట్టండి. డబ్బా వంద గ్రాములుందనుకుందాం, మిఠాయి కిలో 600 రూపాయలు. డబ్బాతో కలిపి తూచితే అట్టకు 60 రూపాయలు ఇచ్చినట్టు. ముందు డబ్బా పెట్టి సున్నా చేసి, ఆ తర్వాత మిఠాయి వేయించుకోవాలి. అది మనం అడుక్కునే మేలు కాదు, తూచి అమ్మే సరుకుకు నికర బరువే లెక్క.

ప్యాకెట్ల సంగతి త్వరగా కానివ్వండి. తయారీదారు లేదా ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, నికర బరువు, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. తినే సరుకైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు కూడా. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ఇప్పుడు ప్యాకెట్ మీదే ఉంటుంది, పెద్ద ప్యాకెట్ చౌక అన్న నమ్మకం నిజమో కాదో అక్కడే తేలిపోతుంది. కొట్లో చల్లగా ఇచ్చినందుకు నీళ్ల బాటిల్‌కు ఎంఆర్‌పీ మీద అదనం తీసుకుంటే చట్టరీత్యా తప్పు.

ఇళ్లల్లో చేయగలిగే పని ఒకటి చెప్పి పంపండి. గ్యాస్ సిలిండర్ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే నిండు సిలిండర్. తెచ్చే అబ్బాయిని తూచి చూపించమనొచ్చు. పెట్రోల్ బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్ర అడగొచ్చు, అది ప్రతి బంకులో ఉండాలి.

'మరి ధర ఎక్కువ చెప్పడం మోసం కాదా?' అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఓపిగ్గా చెప్పాలి. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధర కట్టమని జనం అడిగితే ప్రవక్త (స) ఒప్పుకోలేదు. ధర ఎక్కువ చెప్పడం ఒకటి, సరుకు దాచిపెట్టి కృత్రిమంగా కొరత తేవడం ఇంకొకటి. దాచిపెట్టడాన్ని ఆయన పాపమన్నారు. నచ్చకపోతే బేరమాడండి, పక్క కొట్టుకు పొండి. ఫిర్యాదు మోసానికి మాత్రమే.

5. ఎనుమాముల మార్కెట్ యార్డు కోసం వేరే పాఠం

ఉత్తర తెలంగాణలో వినియోగదారుడంటే సగం రోజులు రైతే. కాని మార్కెట్ యార్డులో ఆయన అమ్మేవాడు. అక్కడ కాంటా కొనేవాళ్ల పక్షాన ఉంటుంది. 83వ సూరా మొదటి మాట 'తీసుకునేటప్పుడు నిండుగా' అన్నది సరిగ్గా ఆ వైపుకే. ఊళ్లో కిరాణం కొట్టాయన తక్కువ తూచాడని తిట్టే మనమే, ఇంటికొచ్చి పత్తి కొనే దళారి బస్తాకు ఇంత తరుగని తీసేస్తే 'ఆనవాయితీ' అనుకుంటాం.

ఈ పాఠం మిర్చి సీజన్‌కు ముందు, ఊళ్లోనే పెట్టండి. పరకాలలోనో నర్సంపేటలోనో అయితే వచ్చేవాళ్లు ఎక్కువ. మూడు సంగతులు చెప్పాలి.

మొదటిది ధర తెలుసుకుని అమ్మడం. పల్లె నుంచి సరుకు తెచ్చేవాళ్లకు బజారు ధర తెలియకముందే ఊరి బయట ఎదురెళ్లి కొనడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అట్లా అమ్మినవాడు బజారుకొచ్చి చూసుకున్నాక బేరం రద్దు చేసుకోవచ్చని కూడా హదీసులో ఉంది. మన దళారి బేరానికి ఇది అచ్చంగా వర్తిస్తుంది. ఇప్పుడు ఫోన్లో ఆనాటి ధర చూసుకోవచ్చు. 2016లో మొదలైన ఈ-నామ్‌లో (జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్‌లో) యార్డు ధరలు కనబడతాయి. కానీ జెండా పాటలో (యార్డులో ఆ రోజు రేటు తేల్చే వేలంలో) పలికిన రేటు మేలు రకం సరుకుకు పలికిన రేటు. అది తన బస్తాలన్నిటికీ వస్తుందని రైతు లెక్కేసుకుంటే మనసు విరుగుతుంది. పాటలో కొనే ఉద్దేశం లేకుండా రేటు పెంచడానికి పాడేవాళ్లనూ హదీసులు తప్పుపట్టాయి.

రెండోది రైతు వైపు తప్పు. ఇది చెప్పకపోతే పాఠం సగమే. పైన ఎర్రగా మెరిసే కాయ, అడుగున తాలు కాయ నింపిన మిర్చి బస్తా మదీనా ధాన్యం కుప్పకు తోబుట్టువు. పత్తిలో తేమ సంగతీ అంతే. మద్దతు ధరకు భారత పత్తి సంస్థ 8 శాతం తేమను లెక్కలోకి తీసుకుంటుంది, 12 దాకా ధర తగ్గించి కొంటుంది, ఆపైన కొనదు. రెండు రోజులు ఎండబోసి తెచ్చిన పత్తికీ, బండి దిగిన పత్తికీ తేమ మీటరులో తేడా చూపిస్తే వాదన ఉండదు. మీటరు దొరక్కపోతే మండల వ్యవసాయాధికారిని అడగండి.

మూడోది కాగితం. దడ్వాయి (యార్డులో తూచే మనిషి) తూచాక తక్‌పట్టీ (అమ్మకం చీటీ) తీసుకోకుండా యార్డు దాటొద్దు. బస్తాల సంఖ్య, బరువు, రేటు, కోతలు అందులో ఉండాలి. చిట్టీ ముక్క మీద రాసిచ్చింది తక్‌పట్టీ కాదు. తేడా వస్తే అక్కడికక్కడే మార్కెట్ కార్యదర్శికి రాసివ్వాలి.

అదే రైతు విత్తనాలు కొనేటప్పుడు వినియోగదారుడైపోతాడు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది: విత్తన చట్టం ఉంది కదా అని రైతును వినియోగదారుల కోర్టుకు పోకుండా ఆపడానికి లేదు. అందుకని బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరు రాయించుకోవాలి. ఖాళీ ప్యాకెట్, గుప్పెడు విత్తనాలు దాచాలి. మొలక రాకపోతే కోపంతో దున్నేయకుండా ముందు వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా చెప్పి చేను చూపించాలి. దున్నేసిన చేను ఏ కోర్టులోనూ సాక్ష్యం చెప్పదు.

6. ఉద్దెర బుక్కు

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు రాసుకోవడం గురించి. 2వ సూరా 282. రాయండి, సాక్షుల్ని పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా విసుక్కోకండి అంటుంది. అందులో ఒక ఏర్పాటు చూడండి: అప్పు ఉన్నవాడు చెప్పాలి, రాసేవాడు రాయాలి. మన కిరాణం కొట్లలో జరిగేది దీనికి తలకిందులు. కొట్టాయన రాస్తాడు, తీసుకున్న మనిషి బుక్కు చూడను కూడా చూడదు.

కాబట్టి రెండు చిన్న బుక్కులు పంచండి. సరుకు తీసుకున్నామె చదివి చెప్పాలి, కొట్టాయన తన బుక్కులో రాయాలి, ఆమె బుక్కులోనూ అదే రాయాలి, వారానికోసారి ఇద్దరూ సంతకం. రాయడం రాని అమ్మకు పిల్లలు రాసిపెట్టొచ్చు. దీనివల్ల కొట్టాయనకే ఎక్కువ లాభం, వసూలు దగ్గర గొడవ ఉండదు. ఇవ్వలేని స్థితిలో ఉంటే కలిసొచ్చేదాకా గడువివ్వమని 280వ ఆయత్ చెబుతుంది, అదీ చదవండి.

రోజువారీగా కట్టించుకునే గిరిగిరి అప్పుల సంగతి ఇక్కడే వస్తుంది. వడ్డీ నిషిద్ధమన్నది అందరికీ తెలుసు. తెలియనిది లెక్క. 10,000 అప్పని చెప్పి చేతికి 8,500 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటే, నిజంగా అందిన సొమ్ము మీద ఎంత పడిందో బోర్డు మీద వేయించండి. మొదటి రోజు నుంచే అసలు తరిగిపోతున్నా కోత మొత్తం మీద పడిందని అక్కడ కనబడుతుంది.

7. పండుగల ముందు ఒక పూట

రంజాన్‌కు ముందు ఖర్జూరాల ప్యాకెట్ తేదీలు, బట్టల బిల్లులు. కొట్టువాళ్లు బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని మొండికేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులు. 'అమ్మిన సరుకు వాపసు లేదు' అని బిల్లు మీద అచ్చేసుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు బాధ్యత తీరదు.

పెళ్లిళ్ల ముందు బంగారం. హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ వేరుగా ఉండే గుర్తింపు నంబరు) ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి. కొట్లోనే, డబ్బు కట్టకముందే చూడాలి.

బక్రీద్ ముందు, పశువుల అంగడి రోజుల్లో చెప్పడానికి మంచి హదీసు ఒకటుంది. ఒంటెకు, మేకకు పాలు పిండకుండా పొదుగు నింపి అమ్మొద్దన్నారు ప్రవక్త. అట్లా మోసపోయినవాడు పిండి చూశాక ఉంచుకోవచ్చు, లేదా ఒక కొలత ఖర్జూరాలతో పాటు తిరిగివ్వొచ్చు. మూడు రోజుల గడువని ఒక కథనంలో ఉంది. తిరిగిచ్చే పద్ధతిపై హనఫీ పండితుల అభిప్రాయం వేరు, అది ఆలిం చెబుతారు. బర్రె పొదుగు చూసి బేరమాడే మనవాళ్లకు మాత్రం ఈ మాట చెప్పగానే ఎక్కుతుంది.

8. మాట, కాగితం, ఫోన్, కమిషన్

ఈ వరస తప్పొద్దు. ముందు కొట్టాయనతో ఒంటరిగా, మర్యాదగా మాట్లాడాలి. 'అన్నా, నిన్న తీసుకున్న మిక్సీ తిరుగుతలేదు, బిల్లు ఇదిగో' అంటే చాలా గొడవలు అక్కడే తీరతాయి.

తీరకపోతే కాగితం. పాఠంలోనే ఒక్కొక్కరితో రాయించండి. నమూనా ఇట్లా ఉంటే చాలు: 'ఫలానా తేదీన మీ దగ్గర ఫలానా బిల్లు నంబరుతో ఈ వస్తువు ఇంత ధరకు కొన్నాను. దాని లోపం ఇది. ఫలానా తేదీన వచ్చి చెప్పాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మార్చి ఇవ్వండి లేదా డబ్బు తిరిగివ్వండి. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.' తిట్లు, శాపనార్థాలు వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. కంపెనీలతో రాజీ కుదిర్చే ప్రయత్నం చేస్తారు. కాంటా, ప్యాకెట్ తప్పులైతే తూనికలు కొలతల శాఖకు, తిండి కల్తీ అయితే ఆహార భద్రత అధికారికి.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉన్న వ్యవహారాలు ఇక్కడే. 5 లక్షల లోపైతే రుసుము లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలో వెయ్యాలి. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న కంపెనీ మీదైనా మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు. 2019 చట్టం ఇచ్చిన పెద్ద సౌకర్యం ఇది. లాయర్ తప్పనిసరి కాదు. కావాలంటే ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100.

9. చెయ్యకూడనివి

కొట్ల మీద దాడులు, రహస్య వీడియోలు, మింబర్ (మసీదులో ప్రసంగ వేదిక) మీద నుంచి ఫలానా కొట్టు అని పేరు చెప్పడం, ఈ మూడూ వద్దు. అనుమానాలు మానుకోండి, గూఢచర్యం చేయకండి, వెనక మాట్లాడకండి అని 49వ సూరా 12వ ఆయత్ ఖరాఖండిగా చెబుతుంది. తనిఖీ చేసే అధికారం తూనికల ఇన్‌స్పెక్టర్‌ది, మన కుర్రాళ్లది కాదు. ఇంకోటి, ఏ మతం వాళ్ల కొట్టో చూసి ఫిర్యాదు రాసేవాళ్లు ఏ వైపునైనా ఉంటారు. వాళ్లను బల్ల దగ్గరే ఆపండి. ఒక జాతి మీద ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పించకూడదని 5వ సూరా 8వ ఆయత్. మన మొహల్లా వ్యాపారి మీద ఫిర్యాదు వస్తే 'మనవాడే కదా' అని దాన్ని నొక్కేయడం కూడా ఇందులోకే వస్తుంది.

10. రిజిస్టరు

పాఠం అయ్యాక ఒక రిజిస్టరు మిగలాలి: ఎవరు ఏ సమస్య చెప్పారు, ఏ కాగితం రాశారు, ఏమైంది. కొనేవాళ్ల ఫోన్ నంబర్లు అందరికీ కనబడేట్టు పెట్టకండి. కాంటా సరిచేయించుకున్న కొట్టాయన పేరు మాత్రం, ఆయన ఒప్పుకుంటే, తర్వాతి పాఠంలో చెప్పండి.

విత్తనాల పాఠం మే నెలాఖరు దాటనివ్వకండి. తొలకరి పడ్డాక పెడితే వినడానికి ఎవరూ ఖాళీగా ఉండరు, బిల్లు లేని లూజు విత్తనాలు కొనేవాళ్లు అప్పటికే కొనేసి ఉంటారు.